అచ్చులో ముడుచుకునే పాలియెస్టర్: ఫైబర్ ప్యానెల్ నునుపు వెనుక ఉన్న లెక్క

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దిగి ఐఐటీకి వెళ్లేవారికి పూరీ గేట్ బాగా తెలిసిన చోటు. ఇక్కడ రోడ్డు దాటే రైలు మార్గం ఒడిశా మీదుగా విజయనగరం, విశాఖపట్నం వైపు సాగుతుంది. గేటుకు ఒకవైపు రైల్వే పట్టణం. బోగీలను, వ్యాగన్లను విప్పి బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించే పెద్ద వర్క్‌షాప్ అటువైపే ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ షాపుల్లో, యార్డుల్లో పనికి కుదిరిన కుటుంబాల మనవలు, మునిమనవలు నేటికీ ఈ ఊళ్లో తెలుగు మాట్లాడుతున్నారు. గేటుకు మరోవైపు, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనాల్లో మొదలైన దేశపు తొలి ఐఐటీ. అందులో పాలిమర్లపై పనిచేసే రబ్బర్ టెక్నాలజీ సెంటర్, మెటీరియల్స్ సైన్స్ సెంటర్ ఉన్నాయి.

ఈ రెండు లోకాలనూ కలిపే వస్తువు ఒకటి ప్రతి ప్రయాణికుడి చేతికీ తగులుతూనే ఉంటుంది. బోగీ టాయిలెట్ గోడ, కిటికీ చట్రం, వాష్‌బేసిన్ చుట్టూ ఉండే పలక వంటివి చాలా బోగీల్లో ‘ఫైబర్’తో చేసినవే. సాంకేతిక భాషలో చెప్పాలంటే గాజునార కలిపిన పాలియెస్టర్ కాంపోజిట్, పొట్టిగా ఎఫ్‌ఆర్‌పీ. ఇళ్ల గోడలపై ఉండే కరెంటు మీటరు పెట్టెలు, మేడ మీది పలకల నీళ్ల ట్యాంకులు, రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూతలు, బస్సు బంపర్లు కూడా తరచూ ఈ కుటుంబంలోవే.

ఇలాంటి పలకను తట్టి చూస్తే గట్టిగానే ఉంటుంది. వెలుతురులో పక్కకు వంచి చూస్తే మాత్రం కొన్నింటిపై సన్నని అలలు, లోపలి నార గీతలు, వెనుక పక్కటెముక ఉన్నచోట చిన్న గుంట కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే. పాలియెస్టర్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. పరిశ్రమలో దీన్ని ష్రింకేజ్ అంటారు. దాన్ని అదుపు చేయడం ఎలాగన్నది ఎనభై ఏళ్ల ఈ పరిశ్రమ అడుగడుగునా ఎదుర్కొన్న ప్రశ్న.

ఎందుకింత ముఖ్యం?

మామూలు ప్లాస్టిక్ బకెట్టు పాడైతే కరిగించి మళ్లీ పోత పోయవచ్చు. పాలియెస్టర్ రెజిన్ అలాంటిది కాదు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ఇలాంటివాటిని థర్మోసెట్ అంటారు. ఉడికిన గుడ్డును తిరిగి పచ్చిసొనగా మార్చలేనట్టే, తప్పుగా వచ్చిన ఎఫ్‌ఆర్‌పీ పలకను వెనక్కి తేలేం. దాన్ని పుట్టీ పెట్టి, సాండ్‌పేపర్‌తో రుద్ది, రంగేసి దాచాలి. లేదా పారేయాలి.

చిన్న మౌల్డింగ్ యూనిట్‌కు ఇది బతుకు లెక్క. రెజిన్, గాజునార, కరెంటు, కూలి అన్నీ ఖర్చయిపోయాక చివరి తనిఖీలో పలక తిరిగొస్తే నష్టం మొత్తం ఆ యూనిట్‌దే. పుట్టీ పెట్టి దాచిన లోపం కొన్నాళ్లకు బయటపడితే నష్టం కొనుగోలుదారుకు చేరుతుంది. బోగీ టాయిలెట్ వంటి చోట సన్నని రంధ్రాల్లో మురికి చేరి వదలదు. నీరు లోపలికి దిగితే నారకూ రెజిన్‌కూ మధ్య పట్టు సడలుతుంది. కాబట్టి నునుపు అన్నది అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ముడుచుకోవడం ఎక్కడ మొదలవుతుంది?

అసంతృప్త పాలియెస్టర్ రెజిన్‌ను సాధారణంగా ప్రొపిలీన్ గ్లైకాల్, మలెయిక్ అన్‌హైడ్రైడ్, థాలిక్ అన్‌హైడ్రైడ్ వంటి రసాయనాలతో తయారుచేస్తారు. అలా వచ్చిన చిక్కటి పదార్థాన్ని స్టైరీన్ అనే ద్రవంలో కరిగిస్తారు. రెజిన్‌లో స్టైరీన్ వాటా తరచుగా 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. డ్రమ్ము మూత తీయగానే ముక్కుకు సోకే ఘాటు వాసన దానిదే.

హార్డెనర్‌గా పిలిచే పెరాక్సైడ్ కలపగానే చర్య మొదలవుతుంది. స్టైరీన్ అణువులు పాలియెస్టర్ గొలుసుల మధ్య వంతెనలు కడతాయి. అంతవరకు ఒకదానికొకటి కాస్త ఎడంగా, స్వేచ్ఛగా కదిలే అణువులు రసాయన బంధంతో దగ్గరకు వచ్చేస్తాయి. దూరాలు తగ్గితే ఘనపరిమాణం తగ్గుతుంది. స్టైరీన్ ఒక్కటే పాలిస్టైరీన్‌గా మారితే దాదాపు 14 శాతం ముడుచుకుంటుంది. పాలియెస్టర్ రెజిన్ మొత్తంగా చూస్తే ఇది 7 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది.

ఘనపరిమాణంలో 7 శాతం అంటే ఒక్కో దిశలో సుమారు 2.4 శాతం. మీటరు పొడవున్న శుద్ధ రెజిన్ పలక ఏ అడ్డూ లేకుండా ముడుచుకుంటే దాదాపు 24 మిల్లీమీటర్లు పొట్టిదవుతుందన్నమాట. గాజునార, సున్నపురాయి పొడి కలిపాక ఈ తేడా బాగా తగ్గుతుంది. అచ్చులో నొక్కి తీసిన సాధారణ రకం పలకల్లో ఇది 0.3 శాతం, అంతకంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. మీటరుకు 3 మిల్లీమీటర్లు. తలుపు చట్రంలో సరిగ్గా కూర్చోవాల్సిన పలకకు ఇది కూడా ఎక్కువే.

కొలత తేడా ఒక్కటే అయితే అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేసుకుని గట్టెక్కవచ్చు. అసలు చిక్కు, ముడుచుకోవడం అన్నిచోట్లా ఒకేలా ఉండకపోవడం. గాజునార కట్టలున్నచోట రెజిన్ తక్కువ, ముడుచుకోవడమూ తక్కువ. కట్టల మధ్య రెజిన్ ఎక్కువగా నిలిచినచోట పలక లోపలికి కుంగుతుంది. నార అల్లిక పైకి కనిపించడానికి కారణమిదే. వెనుక పక్కటెముక పోసినచోట మందం ఎక్కువ, అందుకే ముందువైపు గుంట పడుతుంది. దీన్ని సింక్ మార్క్ అంటారు.

కుమ్మరి చెప్పే మొదటి పాఠం

చెరువు ఎండితే అడుగున బంకమట్టి నెర్రెలు విచ్చుతుంది. ఇసుక నేల అలా విచ్చదు. కుండలు చేసేవారికి ఇది తరతరాలుగా తెలుసు. అందుకే బంకమట్టిలో కొంత ఇసుకో బూడిదో కలుపుతారు. ముడుచుకునే పదార్థం వాటా తగ్గించి, ముడుచుకోని పదార్థం వాటా పెంచడం దీని సూత్రం.

పాలియెస్టర్‌లో ఆ ఇసుక పాత్ర కాల్షియం కార్బొనేట్ పొడిది. పల్నాడు, కడప, కర్నూలు ప్రాంతాల సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయిలో ఉండేదీ ఇదే ఖనిజం. అచ్చుల్లో నొక్కే మిశ్రమాల్లో 100 పాళ్ల రెజిన్‌కు 150 నుంచి 200 పాళ్ల పొడి కలపడం మామూలు. ఖర్చు తగ్గుతుంది, వేడి సమంగా పంచుకుంటుంది, ముడుచుకోవడం తగ్గుతుంది.

దీనికీ హద్దుంది. పొడి ఎక్కువైతే మిశ్రమం చిక్కబడి గాజునారను సరిగా తడపదు. తడవని నార చుట్టూ గాలి మిగిలిపోతుంది. అదే తర్వాత సన్నని రంధ్రంగా బయటపడుతుంది. రేణువు పరిమాణం, పొడిలోని తేమ కూడా ఫలితాన్ని మారుస్తాయి. మంటను అడ్డుకోవాల్సిన పలకల్లో కాల్షియం కార్బొనేట్‌కు బదులుగా, లేదా దానితో కలిపి అల్యూమినియం ట్రైహైడ్రేట్ వాడతారు. ఇది 200 డిగ్రీల సెల్సియస్ దాటాక నీటిని వదులుతూ వేడిని పీల్చుకుంటుంది. రైలు బోగీ లోపలి భాగాలకు ఈ గుణం అవసరం.

లో ప్రొఫైల్: ముడుచుకుంటూనే ఉబ్బించే ఉపాయం

పొడితో సగం సమస్యే తీరింది. మిగతా సగానికి దారి 1960ల చివర్లో అమెరికాలో దొరికింది. రోమ్ అండ్ హాస్, యూనియన్ కార్బైడ్ వంటి సంస్థల్లో జరిగిన పనితో ‘లో ప్రొఫైల్ ఎడిటివ్’ అనే కొత్త తరగతి దినుసులు వాడుకలోకి వచ్చాయి. అవి కొత్త రసాయనాలేమీ కావు. యాక్రిలిక్ షీట్లకు వాడే పాలీమిథైల్ మెథాక్రిలేట్, చెక్కపని జిగురులో ఉండే పాలీవినైల్ ఎసిటేట్, పాలిస్టైరీన్, సంతృప్త పాలియెస్టర్ వంటి వేడికి మెత్తబడే ప్లాస్టిక్‌లే. వాటిని స్టైరీన్‌లో కరిగించి రెజిన్‌లో కలుపుతారు.

అచ్చులో జరిగేది దశలవారీగా ఇలా ఉంటుంది.

మొదట, మిశ్రమం వేడెక్కి వ్యాకోచిస్తుంది. రెండో దశలో పాలియెస్టర్ గట్టిపడడం మొదలవుతుంది. గట్టిపడుతున్నకొద్దీ అది ఆ ప్లాస్టిక్‌ను తనలో ఇముడ్చుకోలేక బయటకు నెడుతుంది. మజ్జిగ చిలికినప్పుడు వెన్న వేరుపడినట్టు, ప్లాస్టిక్ కొంత స్టైరీన్‌ను వెంటబెట్టుకుని వేరే భాగంగా విడిపోతుంది. మూడో దశలో చర్య నుంచి పుట్టే వేడికి ఈ మెత్తటి భాగం ఉబ్బి, చుట్టూ ముడుచుకుంటున్న పాలియెస్టర్‌ను లోపలినుంచి నెడుతుంది. చివరి దశ అసలైనది. గట్టిపడ్డ పాలియెస్టర్‌కూ మెత్తటి ప్లాస్టిక్‌కూ మధ్య లాగుడు పెరిగి, వాటి సరిహద్దుల్లో కంటికి కనిపించనంత చిన్న ఖాళీలు ఏర్పడతాయి. పోయిన ఘనపరిమాణాన్ని ఈ ఖాళీలు భర్తీ చేస్తాయి. ముడుచుకోవడం ఆగిపోలేదు, పలక పైభాగాన్ని లాగకుండా లోపలే సర్దుకుంది.

ఫలితం కొలతల్లో తెలుస్తుంది. ముడుచుకోవడం 0.3 శాతం నుంచి 0.05 శాతం వరకూ ఉంటే వాటిని ‘లో ష్రింక్’ మిశ్రమాలు అంటారు. 0.05 శాతం కంటే తక్కువైతే ‘లో ప్రొఫైల్’. మీటరుకు అర మిల్లీమీటరు కంటే తక్కువ తేడా అన్నమాట. కొన్ని మిశ్రమాల్లో చల్లారిన పలక చల్లటి అచ్చు కంటే రవ్వంత పెద్దదిగా కూడా వస్తుంది. ఇందులో వింతేమీ లేదు. అచ్చు ఉక్కు కూడా వేడికి పెరుగుతుంది. గది వేడిమి నుంచి 150 డిగ్రీలకు చేరితే మీటరు ఉక్కు దాదాపు 1.5 మిల్లీమీటర్లు పొడవవుతుంది. పలక రూపం తీసుకునేది ఆ పెరిగిన అచ్చులోనే.

ఏ ప్లాస్టిక్ ఏ పనికి?

నునుపులో పాలీవినైల్ ఎసిటేట్‌కు మంచి పేరు. ఇది గది వేడిమికి దగ్గరలోనే మెత్తబడటం మొదలుపెడుతుంది కాబట్టి అచ్చు వేడిలో బాగా ఉబ్బుతుంది. కారు బయటి పలకలకు ఎక్కువగా ఈ తరహావే వాడారు. పాలిస్టైరీన్, పాలిథిలీన్ పొడి ఒక మోస్తరు అదుపునిస్తాయి.

అలాంటప్పుడు అన్నిచోట్లా మొదటిదే వాడవచ్చు కదా? అడ్డొచ్చేది రంగు. లోపల ఏర్పడ్డ సూక్ష్మ ఖాళీలు వెలుతురును చెదరగొడతాయి. నురుగు తెల్లగా కనిపించడానికి కారణమిదే. మిశ్రమంలో నల్ల రంగు కలిపినా పలక బూడిద రంగులో, మచ్చలు మచ్చలుగా వస్తుంది. పైన రంగు వేసే పలకకు ఇది పట్టింపు కాదు. మీటరు పెట్టెలాగా మిశ్రమంలోనే రంగు కలిపి, అచ్చు నుంచి తీసింది తీసినట్టే వాడే వస్తువుకు ఇది పెద్ద లోపం. అందుకే అలాంటిచోట కొంచెం ముడుచుకున్నా రంగు నిలిచే పాలిస్టైరీన్ తరహా లో ష్రింక్ మిశ్రమాలను ఎంచుకుంటారు.

ఇంకో మూల్యం కూడా ఉంది. ఖాళీలు పెరిగితే బలం కొంత తగ్గుతుంది, నీరు పీల్చుకునే అవకాశం పెరుగుతుంది. నునుపు, రంగు, బలం మూడింటినీ ఒకేసారి పూర్తిగా ఇచ్చే మిశ్రమం లేదు. దేన్ని ఎంత వదులుకోవాలన్నది వస్తువును బట్టి తేల్చుకోవాలి.

పిండి కలపడం, నానబెట్టడం

అచ్చుల్లో నొక్కే పాలియెస్టర్ రెండు రూపాల్లో దొరుకుతుంది. పిండిముద్దలా ఉండేది డీఎంసీ, అంటే డో మౌల్డింగ్ కాంపౌండ్. ఇందులో పొట్టి గాజునార ఉంటుంది. స్విచ్‌గేర్ భాగాల వంటి చిన్న వస్తువులకు వాడతారు. చాపలా పరిచినట్టు ఉండేది ఎస్‌ఎంసీ, అంటే షీట్ మౌల్డింగ్ కాంపౌండ్. దాదాపు 25 మిల్లీమీటర్ల నార ముక్కలు ఇందులో 25 నుంచి 30 శాతం దాకా ఉంటాయి. భారతీయ ప్రమాణాల సంస్థ ఎస్‌ఎంసీకి ఐఎస్ 13410, డీఎంసీకి ఐఎస్ 13411 ప్రమాణాలు పెట్టింది. మీటరు పెట్టెల టెండర్లలో ఈ మొదటి సంఖ్య తరచూ కనిపిస్తుంది.

ఎస్‌ఎంసీ షీటును తయారుచేసిన వెంటనే అచ్చులో పెట్టరు. అందులో కలిపిన మెగ్నీషియం ఆక్సైడ్ రెజిన్‌ను నెమ్మదిగా చిక్కబరుస్తుంది. పూరీ పిండిని కాసేపు నాననిచ్చినట్టు, షీటును వెచ్చటి గదిలో రెండు నుంచి నాలుగు రోజులు ఉంచుతారు. తొలుత కారిపోయే జిగురులా ఉన్నది చివరకు చేతికి అంటని తోలులా మారుతుంది. చిక్కదనం వేల రెట్లు పెరుగుతుంది.

నునుపుకు ఈ చిక్కదనం కీలకం. పలుచగా ఉంటే నొక్కినప్పుడు రెజిన్ ముందు పరుగెత్తి, నార వెనుకబడుతుంది. అంచుల్లో రెజిన్, మధ్యలో నార మిగులుతాయి. మరీ చిక్కబడితే మిశ్రమం అచ్చు మూలలకు చేరదు, గాలి బయటకు పోదు. వాతావరణంలోని తేమ చిక్కబడే తీరును మారుస్తుంది. కోస్తాలోనూ, బెంగాల్‌లోనూ వానాకాలంలో నిల్వగది తేమను, వేడిమిని అదుపులో ఉంచుకోని యూనిట్లకు ఒకే మిశ్రమం ఒక్కోరోజు ఒక్కోలా ప్రవర్తిస్తుంది.

ప్రెస్సు దగ్గర తేలే విషయాలు

ఎస్‌ఎంసీని సాధారణంగా 140 నుంచి 160 డిగ్రీల వేడిమి ఉన్న ఉక్కు అచ్చులో, 50 నుంచి 100 బార్ ఒత్తిడితో నొక్కుతారు. మందాన్ని బట్టి ఒకటి నుంచి మూడు నిమిషాల్లో పలక గట్టిపడుతుంది. ఎంత మంచి మిశ్రమమైనా ఇక్కడ చెడిపోవచ్చు.

షీటు ముక్కలను అచ్చులో ఎక్కడ, ఎంత మేర పరిచారన్నది మొదటి విషయం. మరీ చిన్న ముద్దగా మధ్యలో పెడితే చాలా దూరం పారాలి. పారే దారిలో నార ఒకే దిశకు తిరిగిపోతుంది. ఆ దిశలో ఒకలా, అడ్డంగా మరోలా ముడుచుకుని పలక వంకర తిరుగుతుంది. అచ్చంతా కప్పేలా పరిస్తే గాలి బయటకు పోయే దారి ఉండదు.

ప్రెస్సు మూసే వేగం రెండోది. నెమ్మదిగా మూస్తే వేడి అచ్చును తాకిన పైపొర ముందే గట్టిపడి, తర్వాత పారినప్పుడు చిరుగుతుంది. మరీ వేగంగా మూస్తే గాలి లోపల చిక్కుకుంటుంది. ఖరీదైన పనుల్లో అచ్చు మూసేలోపు గాలిని వ్యాక్యూమ్‌తో లాగేస్తారు.

అచ్చు పైభాగం మూడోది. పలక నునుపు ఎప్పుడూ అచ్చు నునుపును మించదు. అందుకే మంచి అచ్చులను బాగా పాలిష్ చేసి క్రోమియం పూత వేస్తారు. ప్రెస్సు పలకలు సమాంతరంగా లేకపోతే ఒకవైపు మందం, మరోవైపు పలుచన వచ్చి, ఒత్తిడి తక్కువైన వైపు అలలు తేలుతాయి.

డిజైన్ నాలుగోది. పక్కటెముక మందం పలక మందం కంటే తక్కువగా ఉంటే సింక్ మార్క్ తగ్గుతుంది. తప్పించలేనిచోట ఆ గీత పడేవైపు ముందే ఒక అలంకార రేఖనో, గరుకు నగిషీనో అచ్చులోనే పెట్టడం పాత చిట్కా. కొన్ని కార్ల కర్మాగారాలు పలక గట్టిపడ్డాక అచ్చులోనే పలుచటి పూతను పంపించి రంధ్రాలను కప్పే పద్ధతిని అనుసరించాయి.

చేత్తో పరిచే ఫైబర్ పనిలో

దేశంలో ఎఫ్‌ఆర్‌పీ పని అంతా ప్రెస్సుల్లో జరగదు. షెడ్డులో, ఫైబర్ అచ్చు మీద బ్రష్షు, రోలర్లతో రెజిన్, మ్యాట్ పరిచే పద్ధతి చాలాచోట్ల ఉంది. తెలుగు తీరంలోని ఫైబర్ పడవలు ఎక్కువగా ఇలాంటివే. ఇక్కడ నునుపు బాధ్యత జెల్ కోట్‌ది. నార లేని ఈ రంగు రెజిన్ పొర దాదాపు అర మిల్లీమీటరు మందం ఉండాలి. పలుచబడితే అది గట్టిపడేలోపే వెనుక పొర స్టైరీన్ దాన్ని మెత్తబరిచి మొసలి చర్మంలా ముడతలు తెస్తుంది. మందమైతే పగుళ్లు వస్తాయి.

జెల్ కోట్ వెనుక నేరుగా మందపాటి మ్యాట్ వేయకుండా ముందు పలుచటి గాజు టిష్యూ వేస్తే నార గీతలు పైకి తేలడం తగ్గుతుంది. ఒకేసారి ఎక్కువ పొరలు వేస్తే వేడి పెరిగి పలక వంగుతుంది. అచ్చు నుంచి తొందరపడి తీస్తే, రెజిన్ ఇంకా పూర్తిగా గట్టిపడలేదు కాబట్టి తర్వాత ఎండకు మిగిలిన ముడుచుకోవడం జరిగిపోతుంది. ఇచ్చిన రోజు అద్దంలా ఉన్న పలక నెల తిరిగేసరికి నార చూపించడానికి ఇదొక కారణం.

గది వేడిమిలో గట్టిపరచడానికి వాడే ఎంఈకేపీ హార్డెనర్‌నూ, కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి కలపకూడదు. పేలుడు, మంట సంభవిస్తాయి. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ కలపాలి.

జనపనార సంగతి

గాజునారకు బదులు జనపనార వాడవచ్చా అన్న ప్రశ్న బెంగాల్‌కు సహజం. ఉత్తరాంధ్రకూ సహజమే. గోగునార పండించిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు, నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల చుట్టూ బతికిన కుటుంబాలకు ఆ నారకు కొత్త గిరాకీ అంటే ఏమిటో తెలుసు.

జనపనార తేలిక, చవక, నేలలో కలిసిపోతుంది. నునుపు విషయంలో మాత్రం దానికి తేమే శత్రువు. మామూలు వాతావరణంలో అది తన బరువులో పదో వంతుకు పైగా నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరు వేడి అచ్చులో ఆవిరై బొబ్బలు తెస్తుంది. వాడకంలో నార తేమ పీల్చి ఉబ్బితే పైన అలలు కనిపిస్తాయి. నారను ఆరబెట్టడం, క్షారంతో శుద్ధి చేయడం, సైలేన్ వంటి రసాయనంతో రెజిన్‌కు పట్టు పెంచడం వంటివి పరిశోధకులు ప్రయత్నించిన దారులు. ఆచరణలో కుదిరే మధ్యేమార్గం, పైపొరలు గాజునారతో, లోపలి పొరలు జనపనారతో చేయడం.

లోపం చూసి కారణం పట్టడం

తనిఖీకి ఖరీదైన యంత్రాలు లేనిచోట కూడా ట్యూబ్‌లైటు చాలా చెబుతుంది. పలకపై ట్యూబ్‌లైటు ప్రతిబింబం సూటిగా కనిపిస్తే పైభాగం బాగున్నట్టు. గీత వంకరలు పోతే అలలున్నట్టు. పెద్ద కర్మాగారాల్లో లేజరు, కెమెరా పరికరాలు ఇదే పనిని అంకెల్లో చేస్తాయి. ముడుచుకోవడాన్ని కొలిచే పద్ధతిని ఐఎస్‌ఓ 2577 ప్రమాణం చెబుతుంది. తరచుగా కనిపించే లోపాలు, వాటి మూలాలు ఇవి.

• పొడవాటి అలలు: లో ప్రొఫైల్ దినుసు చాలకపోవడం, అచ్చు రెండు భాగాల వేడిమిలో తేడా, ఒత్తిడి సమంగా లేకపోవడం.

• నార గీతలు: రెజిన్ పంపకం సరిగా లేకపోవడం, జెల్ కోట్ పలుచన, తొందరపడి తీయడం.

• సన్నని రంధ్రాలు: చిక్కుకున్న గాలి, తడవని నార, పొడిలోనో నారలోనో తేమ.

• బొబ్బలు: లోపల పూర్తిగా గట్టిపడకముందే ప్రెస్సు తెరవడం, చిక్కుకున్న స్టైరీన్ ఆవిరి.

• వంకర: నార ఒకే దిశకు తిరగడం, మందంలో తేడా, వేడి పలకను ఆధారం లేకుండా చల్లార్చడం. బిగింపు చట్రంలో పెట్టి చల్లారిస్తే ఇది తగ్గుతుంది.

• మచ్చల రంగు: ఎడిటివ్, రంగు ఒకదానికొకటి పొసగకపోవడం, మిశ్రమం సరిగా కలవకపోవడం.

ఒకేసారి నాలుగు అంశాలు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. రోజువారీ రిజిస్టరులో అచ్చు వేడిమి, ఒత్తిడి, షీటు వయసు, గదిలో తేమ రాసుకునే యూనిట్‌కే కారణం దొరుకుతుంది.

కార్మికుడి ఊపిరి, పాత పలకల గుట్ట

నునుపు లెక్కలో స్టైరీన్ రెండువైపులా పదునున్న కత్తి. రెజిన్‌ను పలుచన చేసేది, వంతెనలు కట్టేది అదే. ముడుచుకోవడం పెంచేదీ అదే. షెడ్డు గాలిలో కలిసేదీ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాకు పెంచింది. అంతకుముందు అది ఒక మెట్టు కింద ఉండేది. తలనొప్పి, కళ్లమంట అయితే ఈ పనిచేసేవారికి కొత్త కాదు. మూసి ఉన్న అచ్చుల పద్ధతులకు మారితే ఆవిరి తగ్గుతుంది, నునుపు కూడా రెండు వైపులా వస్తుంది. పెట్టుబడి ఎక్కువ కావడంతో చిన్న యూనిట్లు వెనకాడతాయి. ఫ్యాన్లు, గాలి బయటకు పోయే ఏర్పాటు, సరైన మాస్కు వంటివి మాత్రం వాయిదా వేసేవి కావు.

కరగని పదార్థం కావడంతో వాడి పారేసిన పలకలు కూడా సమస్యే. పొడిచేసి కొత్త మిశ్రమంలో కొంత కలపవచ్చు. ఐరోపాలో కొన్నిచోట్ల సిమెంటు బట్టీల్లో ఇంధనంగా, ముడిసరుకుగా వాడుతున్నారు. సున్నపురాయి పొడి, గాజు రెండూ సిమెంటుకు పనికొచ్చేవే. సిమెంటు కర్మాగారాలు దండిగా ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఈ దారి ఆలోచించదగ్గది.

ఎంత నునుపు కావాలి?

1953లో చెవ్రొలెట్ కార్వెట్ గాజునార పాలియెస్టర్ ఒంటితో వచ్చినప్పుడు ఆ పలకలను నునుపు చేయడానికి చేతిపని ఎంతో అవసరమైంది. 1984 మోడల్ పాంటియాక్ ఫియెరో నాటికి ఎస్‌ఎంసీ హుడ్, పైకప్పు పలకలు ఉక్కు పక్కన నిలిచాయి. మధ్యలో వచ్చిన మార్పుకు లో ప్రొఫైల్ రసాయనమే ప్రధాన కారణం.

అయితే ప్రతి వస్తువుకూ కారు నునుపు అక్కర్లేదు. మ్యాన్‌హోల్ మూతకు బలం ముఖ్యం. మీటరు పెట్టెకు రంగు, ఎండకు నిలవడం, విద్యుత్తును ఆపడం ముఖ్యం. బోగీ టాయిలెట్ పలకకు రంధ్రాలు లేని పైపొర, మంటను తట్టుకునే గుణం ముఖ్యం. టెండరు రాసేవారు ‘నునుపుగా ఉండవలెను’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, తక్కువ ధర కోట్ చేసినవారు పుట్టీతో సరిపెడతారు. ముడుచుకోవడం ఎంత శాతం లోపు ఉండాలి, రంధ్రాలు ఎంతవరకు సరే, ఏ వెలుతురులో ఎలా చూడాలి అన్నవి స్పష్టంగా రాస్తే, సరైన మిశ్రమం వాడిన యూనిట్‌కూ పుట్టీ పూసిన యూనిట్‌కూ తేడా కాగితం మీదే తెలుస్తుంది.